పాత మోటారుబండి లక్షణములు

పట్టుచీర కొనబోయినపుడు అంగడివాడు మడత పూర్తిగా విప్పకమునుపే మనము కొంగును త్రిప్పి, జరీని గోటితో గీచి, వెలుతురునకు పట్టి చూతుము. కంచు చెంబునైనను వ్రేలితో మీటి మ్రోత వినక యింటికి తేము. అట్టి మనమే, ఇంటిలోని సొమ్మంతయు ఊడ్చి పెట్టి కొనెడు పాత కారు వాకిట నిలిచినపుడు, అది మగవారి వ్యవహారమని ప్రక్కకు తొలగి, రంగు బాగున్నదని మాత్రము చెప్పి యూరకుందుము. మేమును అట్లే యూరకుంటిమి. దాని ఫలము ననుభవించితిమి గనుకనే యీ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మావారు గణితోపాధ్యాయులు. మా మామగారికి మూత్రపిండముల వ్యాధి ముదిరి, వారమునకు రెండుమారులు డయాలిసిస్ చేయింపవలసి వచ్చినది. మా యూరినుండి ఆసుపత్రి 38 కిలోమీటర్లు. బస్సు ప్రయాణము వారికి శక్యము కాదు. అద్దె కారునకు పోను రాను 1,800 రూపాయలు. నెలకు ఎనిమిది ప్రయాణములన్న 14,400. మాష్టరుగారి జీతములో ఇది యెంత భాగమో లెక్క వేయుటకు గణితశాస్త్ర మక్కరలేదు. కావున 2024 దీపావళి వెళ్లిన పిమ్మట ఒక పాత కారు కొనుటకు నిశ్చయించి, మా పుట్టినింటివారు పెట్టిన రెండుపేటల గొలుసును బ్యాంకులో కుదువ పెట్టితిమి.

దళారి చూపిన బండి అద్దమువలె మెఱయుచుండెను. సీట్లకు క్రొత్త తొడుగులు వేసియుండిరి. తలుపు తీయగనే మల్లెపూల అత్తరు గుప్పున కొట్టెను. ఆ యత్తరు క్రింద మఱియొక వాసన మాకు తోచినది. వానకాలమున సరిగా ఆరని బొంతను మడిచి పెట్టెలో నుంచి పదిదినములకు తీసినపుడు వచ్చునే, ఆ వాసన. నలుగురు మగవారు ఇంజను బలమును గుఱించి ప్రసంగించుచుండగా, బొంత కంపు మాట యెత్తినచో నవ్వుదురేమో యని మేము నోరు మెదపమైతిమి. 1,70,000 రూపాయలు చేతులు మాఱినవి.

సంక్రాంతి వెళ్లిన రెండవ మంగళవారమున, ఆసుపత్రినుండి తిరిగి వచ్చుచుండగా, ప్రొద్దు గ్రుంకు వేళ ఆ బండి నడిరోడ్డున ఆగిపోయినది. దీపములు వెలుగవు, అద్దములు దిగవు. డయాలిసిస్ అయిన దినమున మామగారికి నిలుచుండు సత్తువయైనను ఉండదు. గంటన్నరసేపు వారిని చింతచెట్టు క్రింద మా యొడిలో తల పెట్టుకొని పరుండబెట్టితిమి. ఎట్టకేలకు వచ్చిన మెకానిక్కు, కాళ్లక్రింది తివాచీని పెకలించి, దాని యడుగున పేరుకొనియున్న బూడిదరంగు ఒండ్రుమట్టిని వ్రేలితో తీసి చూపి, “అమ్మా, ఇది వరదలో మునిగిన బండమ్మా” అనెను. మామగారు కన్నులు తెఱచి, “అయితే దీనిదీ నా జబ్బే. ఒంట్లో నీరు చేరింది” అనిరి. మాకు నవ్వు రాలేదు.

దాని తీగలన్నియు లోలోపల చిలుము పట్టియుండెను. బాగుచేయుటకు 65,000 అగునని తేలినది. దళారిని అడుగగా, చూచుకొనియే కొంటిరి గదా యనెను. మాట నిజమే, మేము చూడలేదు, వాసన మాత్రము చూచితిమి. తుదకు ఆ బండిని విడిభాగముల వర్తకునకు 48,000 లకు ఇచ్చివేసితిమి.

నలోపాఖ్యానము చదువుకొన్న సోదరీమణులకు ఒక సంగతి జ్ఞప్తికి వచ్చియుండును. ఒక్క దినములో విదర్భకు పోవలసియుండగా, బాహుకుడు శాలలోని నిగనిగలాడు హయములను విడిచి, చిక్కిన గుఱ్ఱములను రథమునకు పూన్చెను. ఋతుపర్ణుడు ఇవియా యని శంకించెను. బాహుకుడు చూచినది నిగారింపును గాదు, సుళ్లను, లక్షణములను. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని గుఱ్ఱముల లక్షణములకొఱకే యొక గ్రంథము రచించెను. మోటారునకును అట్టి లక్షణములు కలవు. వానిని తెలిసికొనవలెనని, ఆ మెకానిక్కు షెడ్డునకు మావారితో కూడ నాలుగు నెలలు ఆదివారము లందెల్ల పోయితిమి. మొదట ఆతడు మొగమాటపడెను. షెడ్డులోని పిల్లలు నవ్విరి. జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మోటారులో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చు సూదితో దానిని శుభ్రపఱచినది. వీస్లోఖ్ అను పట్టణమున మందులషాపులో ఇంధనము కొన్నది. అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టువానిచే తోలు వేయించినది. ఈ కథను ఆ పిల్లలకు చెప్పితిమి. అటుపిమ్మట వారే మాకు పానాలు అందించుచుండిరి.

ఇక లక్షణములకు వత్తము. మాకు తగిలిన దెబ్బనుబట్టి ముందుగా నీటి సంగతియే చెప్పెదము. 2015 డిసెంబరులో చెన్నపట్నమునను, 2020 అక్టోబరులో హైదరాబాదునను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను బండ్లు వీధులలోనే మునిగినవి. అట్లు మునిగిన బండ్లను కడిగి, రంగు వేసి, దూరపు టూళ్లకు తఱలించి అమ్మువారు కలరు. నీట మునిగిన బండి వెంటనే చెడదు. అందే యున్నది మోసము. తీగల కొసలయందు తడి నిలిచి, రాగి మెల్లమెల్లగా పచ్చబడి, నెలలు గడచిన పిమ్మట ఒకనాడు విద్యుత్తు ఆగిపోవును. కావున మొట్టమొదట తలుపులు, అద్దములు మూసి లోపల ఐదు నిమిషములు కూర్చుండుడు. ముక్కును నమ్ముడు. బియ్యపు డబ్బాలో చెమ్మ చేరినదో లేదో మూత తీయగనే చెప్పగల ముక్కు మనది. అత్తరు దట్టముగా కొట్టియుండినచో అనుమానము రెట్టింపు కావలెను.

పిమ్మట సీటు బెల్టును పట్టుకొని చివరంట లాగుడు. సీట్లు మార్చినవారును తివాచీ ఉతికినవారును బెల్టు తుదివఱకు లాగి కడుగుట మఱతురు. లోపల చుట్టుకొనియుండు భాగమున మట్టిచార గాని, బూజు మచ్చ గాని కనబడినచో ఆ బండిని అచ్చటనే విడిచి రండు. తివాచీ అంచు నెత్తి అడుగున చేయి పెట్టుడు. సీట్లక్రింది మరలు త్రుప్పు పట్టియున్నవా? డిక్కీలో స్టెప్నీ చక్రమును పైకి తీసి, ఆ గుంటలో ఒండ్రు ఉన్నదేమో కనుడు. ముందుదీపముల గాజు లోపల నీటిగీత యొకటి అడ్డముగా నిలిచియుండుట కూడ కలదు. ఇంతయు చూచుటకు పావుగంట చాలును. మేము చూచియుండినచో గొలుసు మెడలోనే యుండెడిది.

రెండవది బండి యొడలు. పగటివేళ, ఎండలో, తడి లేనపుడు చూడవలెను. సాయంకాలపు దీపకాంతిలో గాని, అప్పుడే కడిగినపుడు గాని చూడరాదు. బండి కొసన నిలిచి ప్రక్కపొడవున చూపు సారించిన, ఎదుటి గోడ నీడ ఆ రేకుమీద తిన్నగా సాగవలెను. ఒకచోట వంకర తిరిగెనా, అచ్చట దెబ్బ తగిలి టింకరింగు జరిగినదన్నమాట. తలుపులకును రేకులకును నడుమ నుండు సందులలో వ్రేలు పోనిచ్చి చూడుడు. ఒకవైపు సన్నముగను మఱియొకవైపు వెడల్పుగను ఉండరాదు. వ్రేలి కణుపుతో అచ్చటచ్చట కొట్టుడు. పగిలి అతికిన కుండ మ్రోతకును మంచి కుండ మ్రోతకును భేదము మనకొకరు చెప్పనక్కరలేదు గదా. దట్టముగా లప్పము పూసినచోట బద్దముగా పలుకును. ఫ్రిజ్జు తలుపునకు అంటించు అయస్కాంతపు బొమ్మను పలుచని గుడ్డలో చుట్టి రేకునకు ఆనించినచో లప్పమున్నచోట పట్టు సడలును. బంపర్లు ప్లాస్టిక్కుతో చేయబడును గనుక వానికి అంటుకొనలేదని కంగారు పడవలదు. మేము మొదట పడి నవ్వులపాలైతిమి. బానెట్టు కీలుల బోల్టులమీద రంగు చెదరియుండిన, దానిని విప్పి మార్చిరన్నమాట. అద్దములన్నిటి మూలలయందు తయారుచేసినవారి ముద్ర ఉండును. ఒక్కటి వేఱుగానున్నచో ఎందుకు మార్చిరో అడుగవలెను. ముందద్దము ఱాయి తగిలియు పగులును గనుక అది యంత దోషము కాదు. మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము వంటి సముద్రతీరపు టూళ్లలో తిరిగిన బండికి ఉప్పుగాలి తగులును గావున, షెడ్డులో పైకెత్తించి అడుగుభాగపు త్రుప్పును తప్పక చూడవలయును.

ఇంజను మాట వచ్చిన మనకు జంకు కలుగును. అంత జంకనక్కరలేదు. ప్రాతఃకాలముననే పోవుడు, మేము వచ్చువఱకు బండిని కదలింపవలదని ముందునాడే చెప్పుడు. పోగానే బానెట్టుపై అరచేయి ఉంచుడు. వెచ్చగా నున్నచో ముందే నడిపి పెట్టిరి. చల్లని ఇంజనును లేపుటలో బయటపడు రోగములను దాచదలచిరి. నూనె కొలుచు పుల్లను తీసి చూడుడు. నూనె నల్లగా నుండుట వాడుకవలన కలుగును, దానికి మార్పు చాలును. నూనెమూత అడుగున చిక్కని మజ్జిగవంటి తెల్లని జిగురు కానవచ్చెనా, అప్పుడు భయపడవలసినదే. ఇంజను తలభాగమున నుండు గాస్కెట్టు చెడి, చల్లబఱచు నీరు నూనెలో కలియుచున్నదేమో యని మెకానిక్కుచే చూపింపవలెను. కుక్కరు గాస్కెట్టు వదులైనపుడు మన వంటయింట జరుగునది గుర్తుకు తెచ్చుకొన్నచో ఇది బోధపడును. ఒక్క హెచ్చరిక: ఇంజను వేడిగా నుండగా రేడియేటరు మూతను ఎన్నడును తీయకుడు, సలసల కాగు నీరు మొగముపైకి చిమ్మును.

పిమ్మట ఒకరు లోపల బండిని లేపుచుండగా మఱియొకరు సైలెన్సరువద్ద నిలువవలెను. పొగయొక్క రంగే నాడి. నీలిపొగ వచ్చినచో నూనె మండుచున్నది. ఇంజను బోరునకు వచ్చినదని షెడ్లలో అందురు, అది పెద్ద ఖర్చు. దట్టమైన తెల్లపొగ ఆగక వచ్చినచో నీరు లోపలికి చేరుచున్నది. చలికాలపు ప్రొద్దున కొంచెము తెల్లని ఆవిరి వచ్చి నిమిషములో మాయమగుట దోషము కాదు. నల్లపొగ ఇంధనము సరిగా కాలకుండుటవలన వచ్చును. ఇంజను క్రొత్త గిన్నెవలె మెఱయునట్లు కడిగి తుడిచియుంచిన, కాఱుచున్న నూనె జాడలను కడిగిరేమో యని శంకింపవలెను.

ఒక ప్రశ్న మఱవక యడుగుడు: ఈ ఇంజనులో టైమింగు బెల్టు కలదా, గొలుసు కలదా? పాత మారుతి 800 వంటివానిలో రబ్బరు బెల్టు ఉండును. 2010 తరువాత వచ్చిన వ్యాగనార్ ఇంజనులో ఇనుపగొలుసు. బెల్టు కాలము తీరినపిమ్మట తెగును, తెగినచో బండి ఉన్నచోటనే నిలిచిపోవును, కొన్ని ఇంజనులలో లోపలి భాగములును విఱుగును. ఎప్పుడు మార్చిరో రసీదు చూపుమనవలెను.

తిరిగిన దూరమును చూపు మీటరును వేదవాక్యముగా గ్రహింపవలదు. అంకెలు చక్రములమీద నున్నను, విద్యుత్తుతో వెలుగుచున్నను, వెనుకకు త్రిప్పు విద్య తెలిసినవారు కలరు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగుట సామాన్యము. పదుమూడేండ్ల బండి 40,000 మాత్రమే తిరిగినదన్నచో, పాదములు నొక్కు పెడళ్ల రబ్బరు చూడుడు, స్టీరింగు చక్రము నునుపెక్కినదేమో తడవుడు, డ్రైవరు సీటు అంచు నలిగినదేమో చూడుడు. మన రోటి పొత్రమును చూచి ఎన్ని సంసారములకు రుబ్బినదో చెప్పవచ్చును; ఇదియు నంతే. టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య యుండును: 2319 అన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్లు లోతుగా నున్నను, ఆఱేడేండ్లు గడచిన రబ్బరు గట్టిపడి పగుళ్లు తీయును.

నడిపి చూచునపుడు పాటలు ఆపించుడు. అమ్మువారు పాటలు బిగ్గరగా పెట్టుట ఊరక కాదు. అరగంటకు తక్కువ కాకుండ, మంచి రోడ్డునను, గుంతల రోడ్డునను, వీలున్నచో వంతెన యెక్కునట్లును పోవలెను. గుంతలలో గడగడ చప్పుడు, మలుపులలో టకటక చప్పుడు, బ్రేకు వేసినపుడు ఒకప్రక్కకు లాగుట, ఇవన్నియు గుర్తుంచుకొని మెకానిక్కునకు చెప్పవలసినవి. బండి నిలిచియుండగా బ్రేకును అరనిమిషము అదిమిపట్టుడు. కాలు మెల్లగా క్రిందికి దిగిపోవుచుండినచో ఆ బండిలో పిల్లలను ఎక్కింపరాదు. గేరులన్నియు, వెనుకకు పోవు గేరుతో సహా, వేసి చూపుమనుడు. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో తాళము త్రిప్పగనే వాని దీపము వెలిగి ఆఱిపోవలెను; అసలే వెలుగకున్నను, ఆఱకున్నను దోషమే. దీపములు, తుడుపుకఱ్ఱలు, ఏసీ మొదలగునవి ఎవరైనను చూచెదరు గనుక వానిని విడుచుచున్నాము.

బండికన్న కాగితములు ముఖ్యమని మేము తెలిసికొన్నది ఆలస్యముగా. మొదటి బండి ఆర్‌సీలో నున్న పేరు దళారిది కాదు, అతనికి అమ్మినవానిది గూడ కాదు. సంతకములు చేసిన ఖాళీ ఫారములు చేతులు మాఱి మావఱకు వచ్చినవి. ఇందువలననే ఎవరిమీదను వ్యాజ్యము వేయలేకపోతిమి. ఆర్‌సీలోని ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను బండిపై చెక్కియున్న సంఖ్యలతో, గుడ్డతో తుడిచి, అక్షరమక్షరము పోల్చుడు. ఛాసిస్ సంఖ్యలో అక్షరములు, అంకెలు కలిసి 17 ఉండును. ఆర్‌సీలో బ్యాంకు పేరు హైపోథికేషనుగా నుండిన, అప్పు తీరినట్లు బ్యాంకువారి పత్రమును, 35వ ఫారమును లేక డబ్బు ఇయ్యరాదు. వేఱు రాష్ట్రపు బండియైనచో 28వ ఫారముపై ఆ రవాణా కార్యాలయమువారి నిరభ్యంతర పత్రము కావలెను. పేరు మార్పునకు 29, 30 ఫారములు. రాష్ట్రములోపలి అమ్మకమైన 14 దినములలో అమ్మినవారు తెలియజేయవలెనని, 30 దినములలో కొన్నవారు తెలియజేయవలెనని 1988 నాటి మోటారువాహనముల చట్టము చెప్పుచున్నది. బండి నెవరు నడుపుచున్నను, ప్రమాదము జరిగినచో రికార్డులో పేరున్నవాడే యజమానియని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కాబట్టి ఈ సంగతి కొనువారికే గాక, పాత బండిని అమ్మి మఱచిపోవు సోదరీమణులకును అవసరము.

బీమాను గూడ 14 దినములలో తమ పేరునకు మార్చుకొనుటకు దరఖాస్తు చేయవలెను. క్లెయిము చేయనందుకు లభించు తగ్గింపు మనిషిదే కాని బండిది కాదు. కొన్నవారికి అది రాదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు తీరును. పిమ్మట పరీక్షలో నెగ్గిన అయిదేసి యేండ్లకు పొడిగింతురు. 2012 నాటి బండి కొన్నచో 2027లో ఆ ఖర్చు మీదే యని బేరములో ముందుగా అనవచ్చును. మేము అంటిమి.

మా రెండవ బండి 2012 నాటి వ్యాగనార్. 2025 మేలో, తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక పెద్దమనిషియొద్ద కొంటిమి. ఎత్తైన సీటు గనుక మామగారు వంగకుండ ఎక్కగలరు. రంగు వెలిసియుండెను, ఎడమ తలుపున సొట్ట. చూడగనే మావారు పెదవి విఱిచిరి. మేము వెనుక సీటులో కూర్చుండి, తలుపులు మూసి, ముక్కుతో చూచి, బెల్టు చివరంట లాగుచుండగా ఆ ఇల్లాలు వచ్చి, “ఏం వెతుకుతున్నారమ్మా?” అని అడిగిరి. జరిగినదంతయు చెప్పితిమి. ఆమె లోపలికి పోయి, పదుమూడేండ్ల సర్వీసు రసీదులన్నియు దారముతో గ్రుచ్చిన దొంతరను తెచ్చి మా చేతిలో పెట్టి, “ఆయనకి తెలియదు, ఇవన్నీ నేనే దాచాను” అనిరి. రెండు టైర్లు 2017 నాటివి, క్లచ్చి అరిగియుండెను. మెకానిక్కు వానిని చూపగా 12,000 తగ్గించి 1,78,000 లకు ఇచ్చిరి. మావారు భవిష్యనిధినుండి అప్పు తీసిరి. రెండుపేటల గొలుసు ఇంకను బ్యాంకులోనే యున్నది.

మొదటి ప్రయాణమున మామగారు ముందు సీటులో కూర్చుండి, బెల్టు పెట్టుకొనుటకు మాఱుగా దానిని చివరంట లాగి, కన్నులదగ్గఱకు తెచ్చుకొని, అటునిటు త్రిప్పి చూచి, “పొడిగానే ఉందమ్మాయీ” అనిరి.